ఇంగ్లీషుకూ ఒక సబఖ్

విజయనగరం నుంచి శ్రీకాకుళం వైపు పోయే ప్యాసింజరు బండి నెల్లిమర్ల దాటాక గరివిడిలో ఆగుతుంది. స్టేషనులో పసుపుపచ్చని బోర్డు మీద ఊరి పేరు మూడు లిపులలో రాసి ఉంటుంది. మేము, మా అన్నయ్య కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది ఆ బోర్డు మీదే. ఒక సాయంత్రం అన్నయ్య అక్షరాలు లెక్కపెట్టాడు. తెలుగులో గ, రి, వి, డి అని నాలుగే. ఇంగ్లీషులో ఎనిమిది! "ఒకే ఊరికి వాళ్లకు రెట్టింపు అక్షరాలెందుకు అబ్బా?" అని అడిగాడు. ఫెర్రో అల్లాయిస్ కర్మాగారంలో పొద్దంతా పనిచేసి వచ్చిన అబ్బా కాసేపు ఆలోచించి, "ఆల్ల లెక్క అలగే ఉంటాది బాబూ" అన్నారు.

సరైన జవాబు మాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. తెలుగులో అచ్చు హల్లులో గుణింతమై కలిసిపోతుంది. 'రి' అంటే ఒకే అక్షరం. ఇంగ్లీషులో అచ్చును విడిగా రాయాలి. ఉర్దూలోనైతే పొట్టి అచ్చులను చాలాసార్లు రాయనే రాయరు. చదివేవారే తెలుసుకుని పలకాలి. ఇంట్లో ఉర్దూ, మక్తబ్‌లో అరబీ, బడిలో తెలుగు, హిందీ, ఆపైన ఇంగ్లీషు. ఇన్ని లిపులతో, ఇన్ని భాషలతో వేగుతున్న పిల్లవాణ్ణి చూసి, "మావాడికి భాషలు రావండీ" అని మనమే నలుగురిలో చెప్పుకుంటున్నాం. అది పొరపాటని చెప్పడానికే ఈ వ్యాసం.

ఇరవై ఎనిమిది మార్కులు

మా అన్నయ్య 1986లో పదో తరగతి పరీక్ష రాశాడు. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. ఇంగ్లీషులో 28. గట్టెక్కాలంటే 35 కావాలి. మళ్లీ కట్టాడు. ఈసారి 31. మూడోసారి ఫీజు అడగడానికి మొహం చెల్లక వెల్డింగు పనిలో చేరిపోయాడు. "ఏటి సదివినా బుర్రకెక్కదురా" అనేవాడు. అతను చదవలేదంటే అన్యాయం. గైడు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కంఠస్థం చేశాడు. ప్రశ్న గైడులో ఉన్నట్టే వస్తే గడగడా రాసేవాడు. అందులో ఒక్క మాట మారితే పెన్ను ఆగిపోయేది.

ముప్పై ఎనిమిదేళ్ల తరువాత అదే కథ అదే ఇంట్లో మళ్లీ మొదలైంది. అన్నయ్య కూతురు నర్సింగు చదివింది. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ, బ్రిటన్ వెళ్లాలని 2024లో ఐఈఎల్‌టీఎస్ పరీక్ష రాసింది. పదిహేను వేల రూపాయలకు పైగా ఫీజు. తండ్రి వెల్డింగు డబ్బు. అక్కడి నర్సుల నమోదు మండలి ఈ పరీక్షలో వినడం, చదవడం, మాట్లాడటం అనే మూడు విభాగాలలో 7 చొప్పున, రాయడంలో 6.5 కోరుతుంది. అమ్మాయికి వినడంలో 7 వచ్చింది. మాట్లాడటంలో 6.5, చదవడంలో 6, రాయడంలో 5.5 వచ్చాయి.

"చాచా, రెండు నెలలు కోచింగ్‌కి వెళ్లాను. వాళ్లిచ్చిన వ్యాసాలన్నీ బట్టీ పట్టాను" అంది. మాకు అన్నయ్య గైడు గుర్తుకొచ్చింది. కంఠస్థం చేసిన వ్యాసాన్ని ఆ పరీక్షకులు ఇట్టే పసిగడతారు. దానికి మార్కులు తగ్గిస్తారే తప్ప వేయరు.

ఈ పరీక్ష ఒక్కటే కాదు. పదో తరగతి, డీఎస్సీ, బ్యాంకు పోటీ పరీక్షలు, నర్సులు రాసే ఓఈటీ, ఏది తీసుకున్నా పరీక్షించేది మూడింటినే: మాటల నిధి, వాక్యం కట్టే పద్ధతి, చదివినది అర్థం చేసుకునే శక్తి. ఈ మూడూ రెండు నెలల్లో కొనుక్కోగలిగే సరుకు కాదు. రోజూ కొంచెం కొంచెం కూడబెట్టుకునే సొమ్ము. ఆ కూడబెట్టే పద్ధతి మన ఇళ్లకు కొత్తది కాదు.

హాఫిజ్‌ల పద్ధతి

ఖుర్‌ఆన్ కంఠస్థం చేసే పిల్లలను గమనించినవారికి మూడు మాటలు పరిచయమే. ఈ రోజు కొత్తగా నేర్చుకునేది సబఖ్. మొన్న మొన్న నేర్చుకున్నదాన్ని తిరిగి అప్పజెప్పడం సబ్ఖీ. చాలా కాలం క్రితం వచ్చేసిన భాగాన్ని మరచిపోకుండా వంతులవారీగా తిప్పి చదవడం మంజిల్. ఎంత తెలివైన పిల్లవాడైనా ఉస్తాద్ ఈ మూడింటిలో ఒక్కటి కూడా మానిపించడు. కొత్త సబఖ్ ఇచ్చే ముందు పాతది వినాల్సిందే.

జర్మనీకి చెందిన ఎబింగ్‌హాస్ అనే పండితుడు తన జ్ఞాపకశక్తి మీద తానే ప్రయోగాలు చేసి 1885లో ఒక గ్రంథం ప్రచురించాడు. నేర్చుకున్నది మొదటి గంటల్లో, మొదటి రోజుల్లోనే ఎక్కువగా జారిపోతుందని, విడతలు విడతలుగా తిరిగి చదివితే నిలుస్తుందని ఆయన తేల్చాడు. మన మక్తబ్‌లలో ఉస్తాద్‌లు ఏ ప్రయోగశాలా లేకుండానే ఈ సంగతి ఎరిగి ఉన్నారు.

దివ్యగ్రంథ పారాయణం ఒక ఆరాధన. దానిని పరీక్ష చదువుతో పోల్చడం మా ఉద్దేశం కాదు. మనం అరువు తెచ్చుకునేది పద్ధతిని మాత్రమే. ఒక తేడా కూడా గుర్తుంచుకోవాలి. ఇంగ్లీషు మాటను అర్థం తెలియకుండా వల్లె వేస్తే పరీక్షలో పైసా విలువ చేయదు.

పద్ధతి ఇది. వంద పేజీల నోటుపుస్తకం ఒకటి కొనండి. రోజుకు అయిదు కొత్త మాటలు, ఇది సబఖ్. గత వారం మాటలను ఇంట్లో ఒకరికి అప్పజెప్పడం సబ్ఖీ. అంతకు ముందు పేజీలను ఏడు భాగాలు చేసి రోజుకొక భాగం తిరగేయడం మంజిల్. మూడు వారాలు వరుసగా తడబడకుండా చెప్పిన మాట పక్కన టిక్కు పెట్టి వదిలేయవచ్చు. శుక్రవారం కొత్త మాటలు వద్దు; పాతవి చూసుకుంటే చాలు. రోజుకు అయిదు చొప్పున ఆరు రోజులకు ముప్పై. ఏడాదిలో యాభై వారాలు చేసినా పదిహేను వందల మాటలు.

పదిహేను వందలు తక్కువనిపిస్తోందా? మైకేల్ వెస్ట్ అనే ఆంగ్ల విద్యావేత్త 1953లో ప్రచురించిన అత్యవసర ఇంగ్లీషు మాటల జాబితాలో ఉన్నవి సుమారు రెండు వేలే. సాధారణ పాఠంలో ఎక్కువ భాగం ఆ మాటలతోనే నడుస్తుంది.

మాట పక్కన తెలుగు అర్థం ఒక్కటే రాసి వదిలేయకండి. మీ బతుకులోంచి ఒక వాక్యం రాయండి. మా అమ్మాయి పుస్తకంలో మొదటి మాట 'పేషెంట్'. రోగి అని అందరికీ తెలుసు. ఓర్పు గలవారు అనే అర్థం కూడా ఉంది. "ది నర్స్ వాజ్ పేషెంట్ విత్ ది పేషెంట్" అని రాసుకుంది. అన్నయ్య విని, "అంటే సబ్ర్ గల నర్సన్నమాట" అన్నాడు. ఆ మాట ఇక ఇంట్లో ఎవరూ మరచిపోలేదు.

మాటలను కుటుంబాలుగా నేర్చుకోవడం ఇంకా లాభం. 'డిసైడ్' వచ్చిన రోజే 'డెసిషన్', 'డిసైసివ్' కూడా రాసుకోండి. పరీక్షలలో ఖాళీలు పూరించే ప్రశ్నలు చాలావరకు ఈ కుటుంబాల మీదే వస్తాయి.

ఆజాద్ చదివిన తీరు

"ఇంగ్లీషు నేర్చుకుంటే పిల్లలు మన నుంచి దూరమవుతారు" అని జంకే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. జైద్ బిన్ సాబిత్ (రజి) వృత్తాంతం వారికి గుర్తు చేయాలి. యూదుల లేఖలు చదవడానికి, జవాబులు రాయడానికి వారి లిపి నేర్చుకోమని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆయనను ఆదేశించారు. అర్ధమాసం గడవకముందే ఆయన నేర్చుకున్నారని తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. అవసరం వచ్చినప్పుడు పరాయి భాష నేర్వడం మన సంప్రదాయానికి దూరమైనది కాదు.

మౌలానా అబుల్ కలాం ఆజాద్ సంగతి ఇంకా దగ్గరిది. 1888లో మక్కాలో పుట్టిన ఆయన ఇంటి పట్టునే అరబీ, ఫార్సీ విద్యలు పూర్తి చేశారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ రచనలు చదివాక, ఆధునిక విజ్ఞానం లేకుండా చదువు పూర్తికాదనీ, అందుకు ఇంగ్లీషు కావాలనీ ఆయనకు తోచింది. మౌల్వీ ముహమ్మద్ యూసుఫ్ జాఫ్రీ ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు దిద్దించి, ప్యారీచరణ్ సర్కార్ రాసిన మొదటి వాచకం చేతికిచ్చారు. ఆ తరువాతిది ఆజాద్ స్వయంకృషి. బైబిల్‌ను ఇంగ్లీషు, ఫార్సీ, ఉర్దూ ప్రతులలో పక్కపక్కన పెట్టుకుని చదివారు. నిఘంటువు దగ్గర పెట్టుకుని ఇంగ్లీషు వార్తాపత్రికలు చదివారు. ఇదంతా ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నారు. స్వతంత్ర భారతానికి మొదటి విద్యామంత్రి అయిన మనిషి ఇంగ్లీషు నేర్చుకున్న దారి అది. ఆయన జన్మదినమైన నవంబరు 11ను 2008 నుంచి జాతీయ విద్యా దినంగా జరుపుతున్నారు.

ఆ దారి మనకూ తెరిచే ఉంది. తెలుగు పత్రికలో చదివిన వార్తనే ఇంగ్లీషు పత్రికలో చదవండి. విషయం ముందే తెలుసు గనుక భాష మీద మనసు నిలుస్తుంది. తెలియని మాట సందర్భాన్ని బట్టి తనంతట తానే విప్పుకుంటుంది.

వెస్ట్ పేరు మరొకసారి తలవాలి. ఆయన ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. బెంగాలు పిల్లల చదువు మీద 1926లో ప్రచురించిన గ్రంథంలో ఒక ప్రశ్న లేవనెత్తారు. చదువు మధ్యలో ఆపేసిన పిల్లవాడికి అప్పటిదాకా నేర్చుకున్న ఇంగ్లీషులో ఏం మిగులుతుంది? వ్యాకరణ సూత్రాలు మిగలవు. మాట్లాడే అవకాశం దొరక్కపోతే ఆ నేర్పూ మిగలదు. చదవడం వస్తే మాత్రం మిగులుతుంది. అతను తనంతట తాను ముందుకు పోగలుగుతాడు. అందువల్ల ముందుగా చదవడం నేర్పాలన్నది ఆయన వాదన. మా అన్నయ్య లాంటివారి గురించే ఆ మాట అన్నారేమోనని మాకనిపిస్తుంది.

ఏం చదవాలి? ఎలా చదవాలి?

ముందుగా మీ స్థాయి కంటే కొంచెం కింది పుస్తకం తీసుకోండి. నూరు మాటల్లో తెలియనివి రెండుకు మించకపోతేనే పాఠం హాయిగా సాగుతుందని భాషా పరిశోధకుడు పాల్ నేషన్, తన సహచరునితో కలిసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో చూపారు. పదో తరగతి పాఠం కొరుకుడు పడకపోతే ఆరో తరగతి వాచకం తెచ్చుకోండి. పక్కింటి పిల్లవాడి దగ్గర ఉంటుంది, ఖర్చు లేదు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఖాయిదా చదవకుండా ఎవరైనా పారా మొదలుపెడతారా?

తరువాత గడియారం పెట్టుకుని చూడండి. ఐఈఎల్‌టీఎస్ చదివే పరీక్షలో గంట వ్యవధిలో మూడు పాఠాలు, 40 ప్రశ్నలు ఉంటాయి. మూడు పాఠాలు కలిపి ఇంచుమించు రెండున్నర వేల మాటలు. నిమిషానికి 150 మాటలు చదివేవారికి పాఠాలు పూర్తి కావడానికి 17 నిమిషాలు పడుతుంది. ఆలోచించడానికి 43 నిమిషాలు మిగులుతాయి. ప్రతి మాటనూ మనసులో తెలుగులోకి మార్చుకుంటూ నిమిషానికి 60 మాటలు చదివేవారికి చదవడానికే 42 నిమిషాలు పోతుంది. మా అమ్మాయి ఓడిపోయింది ఇక్కడే. ఆమెకు తెలివి తక్కువై కాదు, వేగం చాలక. వేగం పెరగాలంటే సులువైన పుస్తకాలు ఎక్కువ చదవడం తప్ప అడ్డదారి లేదు.

ఆ పరీక్షలో మరో చిక్కు ప్రశ్న ఉంటుంది. ఒక వాక్యమిచ్చి అది నిజమా, అబద్ధమా, పాఠంలో చెప్పనే లేదా అని అడుగుతారు. "ఆ ఆస్పత్రిలో ముగ్గురు డాక్టర్లున్నారు" అని పాఠంలో ఉందనుకోండి. "ఆ ఆస్పత్రిలో నర్సులు లేరు" అని ప్రశ్న. జవాబు నిజమూ కాదు, అబద్ధమూ కాదు, చెప్పలేదు. మనం ఊహించుకున్నదానిని, పాఠం చెప్పినదానిని వేరు చేయడమే ఈ ప్రశ్న కోరేది. ఫోన్లలో రోజూ వచ్చిపడే పుకార్లను చూస్తుంటే, ఈ విద్య పరీక్షకే కాక సంసారానికీ పనికొస్తుందని మేమంటాం.

తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో తప్పడం

వ్యాకరణం అనగానే పిల్లలు బెదిరిపోతారు. రెన్, మార్టిన్‌ల వ్యాకరణ గ్రంథం, ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించిన కూర్పు, ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఉంది. మంచి పుస్తకమే. మొదటి పేజీ నుంచి చదవబోతే నిద్ర వస్తుంది. దానిని నిఘంటువులా వాడుకోవాలి. మీరు చేసిన తప్పు ఏ అధ్యాయానికి చెందుతుందో ఆ అధ్యాయం ఆ రోజు చదవాలి. మన ఇళ్లలో తరచుగా దొర్లే తప్పులు నాలుగే.

మొదటిది 'ఎ', 'ది'ల తప్పు. తెలుగులో ఇవి లేవు. ఉర్దూలో కూడా లేవు. అరబీలో ఉన్నాయి! 'కితాబున్' అంటే ఏదో ఒక పుస్తకం. 'అల్ కితాబు' అంటే ఆ పుస్తకం. "ఐ బాట్ ఎ బుక్. ది బుక్ ఈజ్ ఆన్ ది టేబుల్" అన్నప్పుడు జరిగేది అదే. మొదటిసారి చెప్పేటప్పుడు 'ఎ'. వినేవారికి ఏదో తెలిసిపోయాక 'ది'. రెండు భాషలూ అన్నిచోట్లా కలవవు. అరబీలో జీవితమనే సామాన్యార్థంలో 'అల్ హయాత్' అంటారు; ఇంగ్లీషులో ఉత్త 'లైఫ్' చాలు. ఊళ్ల పేర్లకు సాధారణంగా 'ది' రాదు. 'ది గరివిడి' అనరు.

రెండవది 'నాకు ఉంది' అనే తప్పు. "నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు" అంటాం మనం. ఇంగ్లీషులో 'నాకు' పోయి 'నేను' వస్తుంది: "ఐ హావ్ టూ బ్రదర్స్." దీనిని "ఐ యామ్ హావింగ్" అనడం, తెలుసు అనడానికి "ఐ యామ్ నోయింగ్" అనడం పరీక్షలో మార్కులు పోగొట్టే అలవాట్లు.

మూడవది 'ఎస్' మరచిపోవడం. "షి వర్క్స్" అనాలి. ప్రశ్న వేసేటప్పుడు మాత్రం "డజ్ షి వర్క్?" అంటే చాలు. 'డజ్' వచ్చి ఆ 'ఎస్'ను తనతో తీసుకుపోయిందని పిల్లలకు చెప్పండి, మరచిపోరు. 'డిడ్' కూడా అంతే. "డిడ్ నాట్ వెంట్" తప్పు, "డిడ్ నాట్ గో" ఒప్పు.

నాలుగవది వరుస. తెలుగులో, ఉర్దూలో క్రియ చివర కూర్చుంటుంది. "అన్నయ్య గరివిడిలో పనిచేస్తాడు." ఇంగ్లీషులో కర్త పక్కనే క్రియ, ఆ తరువాత చోటు: "మై బ్రదర్ వర్క్స్ ఇన్ గరివిడి." మనకు 'లో' ఊరి పేరు వెనుక అతుక్కుంటే, వారికి 'ఇన్' ఊరి పేరుకు ముందు నడుస్తుంది.

రోజూ ఏడెనిమిది వాక్యాలు సొంతంగా రాసి ఎవరిచేతనైనా దిద్దించుకోవాలి. ఊళ్లో ఇంగ్లీషు మాస్టారు ఉంటారు. కాలేజీలో చదివే పిల్లలు ఉంటారు. తప్పులకు వేరే పుస్తకం పెట్టండి. ఉస్తాద్ ముందు తజ్వీద్ తప్పు పలికినప్పుడు ఆయన ఆపి సరిచేస్తాడు, మనం నొచ్చుకోము. ఇంగ్లీషు దిద్దినప్పుడు మాత్రం ఎందుకు చిన్నబుచ్చుకోవాలి?

మనకు ముందే ఉన్న బలం

ఇంగ్లీషులోని 'జెడ్' ధ్వని తెలుగులో లేదు. 'జూ' అనే మాటను సరిగా పలకడానికి తోటి పిల్లలు కష్టపడతారు. నమాజ్, ఫజర్ అని పుట్టినప్పటి నుంచి వింటున్న పిల్లలకు ఆ ధ్వనీ, 'ఎఫ్' ధ్వనీ నాలుక మీదే ఉన్నాయి. ఒక బలహీనత కూడా ఉంది. 'స్కూల్'ను 'ఇస్కూల్' అనడం ఉర్దూ ఇళ్లలో మామూలు. అది కొంచెం సాధన చేస్తే పోతుంది.

మాటలలోనూ చుట్టరికముంది. ఇంగ్లీషు 'కాటన్' అరబీ 'ఖుత్న్' నుంచి వచ్చింది. 'జీరో' మాట మూలం 'సిఫ్ర్'. 'మ్యాగజైన్' మూలం గిడ్డంగులని అర్థమిచ్చే 'మఖాజిన్'. 'ఆల్జీబ్రా' తొమ్మిదో శతాబ్దపు గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' నుంచి వచ్చింది. 'షుగర్' కథ మరీ తీయన. సంస్కృత శర్కర ఫార్సీ మీదుగా అరబీ 'సుక్కర్' అయి, ఐరోపాకు చేరి 'షుగర్' అయింది. మన చక్కెర దాని తోబుట్టువే. ఈ చుట్టరికాలు చెబుతూ నేర్పితే పిల్లవాడికి ఇంగ్లీషు పరాయి ఇల్లులా అనిపించదు.

మన ప్రాంతంలోనే మరో పెద్ద ఉదాహరణ ఉంది. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకోదలచి, ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట్లో ఉంచుకుని నేర్చుకున్నారు. చివరకు 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. భాష చెవి గుండా రోజూ ఇంట్లోకి రావాలని ఆయనకు తెలుసు. ఇవాళ ఇంగ్లీషు మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకోనక్కరలేదు. ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలున్నాయి. చేతిలో ఫోనుంది. చదివినదాన్ని అందులో రికార్డు చేసి మనమే వింటే మన తప్పులు మనకే వినిపిస్తాయి.

ఇషా తరువాత అరగంట

ఇక మా ఇంటి సంగతి. అమ్మాయి రాత్రి డ్యూటీ లేని వారాల్లో గరివిడి వస్తుంది. ఇషా నమాజు తరువాత అరగంట కేటాయించమని చెప్పాం. పది నిమిషాలు పైకి చదవడం, పది నిమిషాలు మాటల పుస్తకం, పది నిమిషాలు రాయడం. విశాఖలో ఉన్నప్పుడు ఫోనులో. వినడానికి ఒకరు కావాలి. వదినమ్మ వంటింట్లో ఉంటుంది. "నేను వింటాన్లే" అని అన్నయ్య కూర్చున్నాడు.

మొదట్లో అమ్మాయి మొహమాటపడింది. అబ్బాకు ఏం అర్థమవుతుందిలే అనుకుంది. అన్నయ్యకు అర్థం కాకపోవడమే ఆమెకు మేలు చేసింది. పేరా పూర్తికాగానే "ఏటంటాడు?" అని అడిగేవాడు. ఆమె సొంత మాటల్లో చెప్పాలి. తెలుగులో ఒకసారి, తేలిక ఇంగ్లీషులో ఒకసారి. ఒకే విషయాన్ని వేరే మాటల్లో చెప్పగలగడమే పరీక్ష అంతటికీ కీలకం. ఆ సాధన తండ్రి ప్రశ్నలతో రోజూ జరిగింది. మూడు నెలలకు అన్నయ్య, "ఈ మాట మొన్న ఇంకో పాఠంలో వచ్చింది కదమ్మా" అనడం మొదలుపెట్టాడు. ఆరు నెలలకు మందుల అట్ట మీది మాటలు తానే కూడబలుక్కుంటున్నాడు.

అమ్మాయి రెండోసారి పరీక్ష రాసింది. చదవడంలో 7.5. వినడం, మాట్లాడటం రెండింటిలోనూ 7. రాయడంలో 6. ఇంకా అర అంకె కావాలి. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఇషా తరువాత అన్నయ్యే పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టి, "సబఖ్ మానేత్తే ఎలగమ్మా" అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని మొదలుపెట్టింది. మూడోసారికి తయారవుతోంది. ఈసారి రోజువారీ రాతను ఒక కాలేజీ అధ్యాపకురాలు దిద్దుతున్నారు. ఇన్షా అల్లాహ్, ఆ అర అంకె కూడా వస్తుందని మా ఆశ.

పాఠకులకు మా మనవి ఒక్కటే. కోచింగ్‌కు వేలు పోసే ముందు ఇంట్లో అరగంట పోయండి. తల్లిదండ్రులకు ఇంగ్లీషు రాకపోయినా వినడం వస్తుంది కదా! మగపిల్లలకు ఇచ్చే అరగంట ఆడపిల్లలకూ ఇవ్వండి. ఆ అరగంట అంట్లు ఎవరు తోమాలన్న ప్రశ్న వస్తే, ఇంట్లో మగవాళ్లకూ చేతులున్నాయి. పరీక్ష పోయిన పిల్లవాణ్ణి "నీకు బుర్ర లేదు" అనకండి. ఆ ఒక్క మాట మా అన్నయ్యను ముప్పై ఎనిమిదేళ్లు మోసింది.

మొన్న మేము గరివిడి వెళ్లినప్పుడు అన్నయ్య స్టేషను దాకా సాగనంపడానికి వచ్చాడు. బండి ఇంకా రాలేదు. బోర్డు కింద నిలబడి, కొంచెం తటపటాయించి, "ఓపెన్ స్కూల్‌లో పది కట్టడానికి వయసు అడ్డమేటైనా ఉందేట్రా?" అని అడిగాడు. లేదన్నాం. "అయితే ఫీజెక్కడ కట్టాలో కనుక్కో" అన్నాడు.